టెన్ మైనస్

మా ఆయన రెండు లక్షల పదివేల డాలర్లు పోసి ఇల్లులాంటి బండి కొన్నారు. దాన్ని రాత్రిపూట ఒకచోట నిలబెట్టుకోడానికి పది డాలర్లు ఇమ్మంటే మాత్రం ఆయనకు ప్రాణం పోయేది. ఈ రెండు ముక్కల మధ్యే నా కాపురం ముప్ఫై నాలుగేళ్ళు నడిచింది. కిందటేడు జూలైలో ఆగింది.

ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణ. ఆస్ట్రేలియాలో ఏ ఫారంలోనూ ఆ పేరు పట్టదు కనుక ఆఫీసులో వీవీఎస్ అయ్యారు. మెల్బోర్న్‌లో ఒక బ్యాంకుకు కంప్యూటర్ ప్రోగ్రాములు పరీక్షించే ఉద్యోగం చేసి, అరవై రెండో ఏట రిటైరై, టార్నీట్‌లో మా ఇంటి ముందు ఆ బండి దింపారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం, కొబ్బరికాయ కొట్టాం. మర్నాడే ఆయన్ను వాట్సాప్‌లో ‘తెలుగు మోటర్‌హోమ్ మిత్రమండలి’లో చేర్చుకున్నారు.

ఆ మండలి గురించి కాస్త చెప్పాలి. నూట నలభై మంది ఉంటారు. ఒక్కొక్కరి బండీ కాకినాడలో ఒక ఫ్లాటు ధర చేస్తుంది. సన్నీబ్యాంక్‌లో ఉండే బాలమురళి అనే పెద్దమనిషి దానికి అధ్యక్షుడు. పొద్దున లేస్తే వీళ్ళందరిదీ ఒకటే ఏడుపు. ఫలానా ఊళ్ళో రాత్రి క్యాంపుకు పన్నెండు డాలర్లుండేది, పద్దెనిమిది చేశారట. ఫలానా చోట ఊరికే ఉండనిచ్చేవాళ్ళు, ఇప్పుడు పదిహేను అడుగుతున్నారట. నలుగురు ఊరివాళ్ళు కలిసి ఆటస్థలం వెనక రెండు మరుగుదొడ్లు కట్టి, ఒక కుళాయి పెట్టి, వచ్చేపోయే బండ్లకు చోటిస్తుంటే, వాళ్ళను ‘దోపిడీదొంగలు’ అని తిట్టేవారు. “ఇలాగైతే మధ్యతరగతి వాడు బతికేదెలా?” అని బాలమురళి రాసేవాడు. కింద నూట ముప్ఫై తొమ్మిది మంది దణ్ణాల బొమ్మలు పెట్టేవారు.

మా అమ్మాయి స్నేహ డార్విన్ ఆస్పత్రిలో ఫార్మసిస్టు. తొలి కానుపు. జూలై ఇరవై నాలుగు అని డాక్టర్లు చెప్పారు. అల్లుడు జయంత్‌ది సముద్రంలో గ్యాస్ తీసే చోట ఉద్యోగం, మూడు వారాలు నీళ్ళ మీద, మూడు వారాలు ఇంట్లో. వాళ్ళమ్మగారికి వీసా రాలేదు. “అమ్మా, నువ్వుంటే చాలు,” అంది స్నేహ ఫోన్లో. నేను విమానం టిక్కెట్టు చూడమని ఈయనకు చెప్పాను.

“విమానం దేనికే? బండుంది గదా. దానిదేమో ఒక్క బెడ్‌రూం కొంప. మనిల్లు మనతో పట్టుకెళ్తే వాళ్ళకీ ఇబ్బందుండదు. మూడు వారాల్లో దర్జాగా దిగుతాం,” అన్నారు.

సబబుగానే అనిపించింది. జూన్ పదిన బయల్దేరాం. జూలై ఒకటికి చేరాలి.

జూలై మూడు నాటికి మేమింకా డార్విన్‌కు ఏడు వందల కిలోమీటర్ల ఇవతల ఉన్నాం. దారిలో ఎక్కడ ఆగినా ఆయనకు రేటు నచ్చేది కాదు. పన్నెండు డాలర్లు మిగులుతాయని తొంభై కిలోమీటర్లు పక్కకు తిప్పేవారు. మరి డీజిలో అంటే “అది వేరే పద్దు” అనేవారు. అలా తిప్పుకుంటూ తిప్పుకుంటూ, హైవే పక్కన ఒక చిన్న ఊళ్ళో గుర్రప్పందేల మైదానం వెనక క్యాంపుకు చేరాం. ఎర్ర మట్టి, నాలుగు చెట్లు, శుభ్రంగా కడిగిన మరుగుదొడ్లు. మనిషన్నవాడు లేడు. ఒక స్తంభానికి ఆకుపచ్చ రంగు ఇనప్పెట్టె బిగించి ఉంది. దాని పక్కన కవర్లు, తాడు కట్టిన పెన్సిలు. రాత్రికి పది డాలర్లు కవర్లో పెట్టి, పైన బండి నంబరూ మొత్తమూ రాసి పెట్టెలో వేయమని, మీ నిజాయితీకి ధన్యవాదాలని బోర్డు మీద రాసి ఉంది.

మా ఆయన మొహం వెలిగిపోయింది.

“చూశావా? హుండీ!” అన్నారు.

“పది వేయమని రాసుందండీ.”

“రాయడానికేముందే. గుళ్ళో రాయరా ఏంటి, అన్నదానానికి ఇంత, గోవులకి ఇంత అని? హుండీ అంటే యథాశక్తి. ఎవడెంతేశాడో దేవుడే చూడడు, ఈళ్ళేం చూస్తారు?” జేబులోంచి రెండు డాలర్ల బిళ్ళ తీసి కవర్లో వేశారు. “నువ్వు రాయి, నీ దస్తూరి బావుంటది. మొత్తం పది అని వెయ్యి. బండి నంబరు చివర రెండంకెలు తిరగేసి రాయి.”

నేను రాశాను. పెళ్ళయినప్పటినుంచీ ఆయన చెప్పిన అంకెలు నేను రాస్తూనే ఉన్నాను. కాకినాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళు ఫీజుల రసీదులు రాసిన చెయ్యి నాది. గుండ్రంగా, ఎవరైనా చదువుకునేలా పడతాయి అంకెలు. మూడు రాత్రులున్నాం, మూడు కవర్లు రాశాను.

నాలుగో రోజు పొద్దున బాలమురళి కబురు పంపాడు. స్కూళ్ళ సెలవలు కనుక కేథరిన్‌లో రాత్రికి యాభై అయిదు, డార్విన్‌లో డెబ్భై రెండు నడుస్తోందని, ఇరవై దాటితే దిగొస్తాయని, అందాకా తూర్పున రెండు వందల ముప్ఫై కిలోమీటర్లలో ఒక వాగు పక్కన ఉచితంగా ఉండొచ్చని. మండలివాళ్ళ బండ్లు మూడు అప్పటికే అక్కడున్నాయట.

“అటు తూర్పుకెళ్ళి ఏం చేస్తామండీ? డార్విన్ ఉత్తరాన ఉంది,” అన్నాను.

“డెబ్భై రెండే! రోజుకి! మతుండే మాట్లాడుతున్నావా?”

అప్పుడే స్నేహ ఫోన్ చేసింది. “అమ్మా, వేర్ ఆర్ యూ గైస్ నౌ?”

నేను నోరు తెరిచేలోపు ఆయన ఫోన్ లాక్కున్నారు. “ఇరవై నాలుక్కి గదే నీ డేటు? ఇంకా బోల్డు టైముంది. ముందే వచ్చి అక్కడేం చేస్తాం, నీ మొహం చూస్తా కూచుంటామా?” అని నవ్వారు.

“యా, ఓకే నాన్నా. నో వరీస్,” అంది స్నేహ స్పీకర్లో.

ఆ గొంతు నాకు నచ్చలేదు. నచ్చలేదని ఆయనకు చెప్పాను కూడా. ఆయన బండి తూర్పుకు తిప్పారు.

ఆ వాగు పక్కన తొమ్మిది రోజులున్నాం. ఫోన్ సిగ్నల్ లేదు. వాగులో నీళ్ళూ పెద్దగా లేవు. ఈగలు మాత్రం మనిషికి వంద చొప్పున ఉన్నాయి. నలుగురు మగవాళ్ళూ మడత కుర్చీలు వేసుకుని, పొద్దున టీతో మొదలుపెట్టి సాయంత్రం బీరు దాకా ఒకటే మాట్లాడుకునేవారు. క్యాంపుల రేట్ల మీద ప్రభుత్వానికి ఒక అర్జీ పెట్టాలి. దానికి ముసాయిదా రాశారు. ‘ప్రాథమిక హక్కు’ అనే మాట ఉంచాలా వద్దా అని రెండు రోజులు వాదించుకున్నారు. అదేదో స్వాతంత్ర్య పోరాటం అన్నట్టు ఒకాయన గొంతు కూడా వణికింది. వాళ్ళ వెనకాల నాలుగు బండ్లు, ఎనిమిది లక్షల డాలర్ల పైమాట, తళతళలాడుతూ నిలబడి ఉండేవి. వాళ్ళ భార్యలు ముగ్గురూ నాతోపాటు కూరలు తరుగుతూ ఈ మాటలు వినేవారు. ఒక్కరం కూడా నోరు తెరవలేదు. మేమూ వాళ్ళకేమీ తీసిపోయినవాళ్ళం కాదు.

“ఒక్కసారి సిగ్నల్ దొరికే చోటికి తీసుకెళ్ళండి. స్నేహతో మాట్లాడొస్తాను,” అని అయిదో రోజున అడిగాను.

“వెళ్ళాలంటే వంద, రావాలంటే వంద. ఊరికే ఉందామని వచ్చి రెండొందల కిలోమీటర్లు తగలేసుకుంటామా?” అన్నారు. డీజిల్ పద్దు ఆ పూట ఆయనకు గుర్తొచ్చింది.

తొమ్మిదో రోజున ఇద్దరు మనుషులు ట్రక్కులో వచ్చి గుంట తవ్వి బోర్డు పాతారు. ఇకనుంచి రాత్రికి ఇరవై డాలర్లు. గంట తిరక్కుండా మండలి బండ్లు నాలుగూ నాలుగు దారుల్లో పోయాయి. ప్రాథమిక హక్కు కాగితం ఎవరి దగ్గర ఉండిపోయిందో తెలీదు.

మేం వెనక్కి, ఆ గుర్రప్పందేల మైదానానికే బయల్దేరాం. అది పద్నాలుగో తేదీ. వంద కిలోమీటర్లు వచ్చేసరికి నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. స్నేహ దగ్గర్నుంచి పదకొండు మెసేజీలు. బీపీ బాగా పెరిగిందట. ఇరవై నాలుగు దాకా ఆగరట, పదిహేడు పొద్దున చేర్చుకుని నొప్పులు తెప్పిస్తారట. జయంత్‌ను తీసుకొచ్చే హెలికాప్టర్ పంతొమ్మిది దాకా లేదట. ఆఖరి మెసేజీలో మూడే మాటలున్నాయి. “అమ్మా, యూ దేర్?”

వస్తున్నాను తల్లీ అని రాసి, అన్నీ ఆయనకు చదివి వినిపించాను.

“పదిహేడా? ఇవాళ పద్నాలుగు. అవుద్దిలే,” అన్నారు, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

మధ్యాహ్నం మూడింటికి క్యాంపు చేరాం. ఈసారి పెట్టె లేదు. దాని స్థానంలో ఒక గొడుగు, గొడుగు కింద బల్ల, బల్ల వెనక మడత కుర్చీలో ఒక ముసలావిడ. డెబ్భై దాటి ఉంటుంది. మోకాలికి పట్టీ వేసుకుని ఆ కాలు ఒక బకెట్టు మీద చాపుకుంది. పేరు బెవ్ అని చెప్పింది. రాత్రికి పాతిక డాలర్లు అంది.

మా ఆయన భగ్గుమన్నారు. “లాస్ట్ వీక్ టెన్! నౌ ట్వెంటీ ఫైవ్? హౌ?”

ఆవిడ నిదానంగా చెప్పింది. పెట్టెలో పడే డబ్బుతోనే బోరు మోటారు తిరుగుతుందట, మరుగుదొడ్లు కడిగే మనిషికి జీతం ఇస్తారట. ఈ సీజన్లో వచ్చిన కవర్లలో చాలావాటిల్లో ఏమీ లేదట, లేదంటే సగం డబ్బే ఉందట. మోటారు కాలిపోతే బాగుచేయించడానికి డబ్బు లేదు. అందుకని పాతిక చేశారు. అందుకనే ఆవిడ మోకాలు నొప్పితో పొద్దుటినుంచీ ఇక్కడ కూర్చుంటోంది.

“దిస్ ఈజ్ గ్రీడ్, మేడమ్,” అన్నారు మా ఆయన. ఈ ఘోరం మండలికి చెప్పడానికి ఫోన్ పట్టుకుని చెట్టుకిందికి పోయారు. కాగితం నింపే పని నాకు వదిలేశారు.

బల్ల పక్కన ఒక అట్టకు పది, పదిహేను కవర్లు పిన్నులతో గుచ్చి ఉన్నాయి. నేను వాటిని చూడటం బెవ్ చూసింది.

“మా అవమానాల గోడ అది,” అని నవ్వింది. “ఇదిగో, ఈ మూడూ చూడు లవ్. ఈ క్యాంపు చూసుకునే మేం ముగ్గురం తలలు బద్దలు కొట్టుకున్నాం. ఎంత చక్కటి రాతో చూడు. టెన్ మైనస్ అని రాశారు. టెన్ మైనస్ ఏమిటి? లోపల చూస్తే రెండు డాలర్లు. అంటే పదిలోంచి ఎనిమిది తీసేశామని ముందే చెప్పారన్నమాట. మిగతా దొంగలకు ఆ మర్యాద కూడా లేదు.”

కవరు మీద నా గుండ్రటి పది ఉంది. దాని పక్కన ఏటవాలు గీత, ఆ పక్కన అడ్డగీత. ‘10/-’. రసీదు మీద అలా గీత పెట్టకపోతే మా హెడ్‌మాస్టరు ఊరుకునేవాడు కాదు. తర్వాత ఎవరూ పక్కన ఇంకో సున్నా చేర్చి మోసం చేయకుండా పెట్టే గీత అది. దాన్ని నేను మోసం మీద పెట్టాను. మూడుసార్లు పెట్టాను.

ఆయన్ను ఎన్ని రోజులనుంచో మనసులో తిట్టుకుంటున్నాను, పిసినారి అని, దొంగ అని. అట్ట మీద ఆయన రాసింది ఒక్క అక్షరం లేదు. అంతా నాదే.

బెవ్ నా ముందుకు కాగితం జరిపింది. పేరు దగ్గర నా పేరు రాశాను, శ్యామసుందరి అని. బండి నంబరు సరిగ్గా రాశాను. మొత్తం అన్న చోట పాతిక రాశాను. పెన్ను ఎత్తాను, మళ్ళీ దించాను. పక్కన ఏటవాలు గీత గీశాను, అడ్డగీత గీశాను. పర్సులోంచి పాత బాకీతో కలిపి యాభై డాలర్ల నోటు తీసి కాగితం మీద పెట్టి ఆవిడ వైపు తిప్పాను.

బెవ్ కళ్ళజోడు పెట్టుకుంది. కాగితం చూసింది. అట్ట చూసింది. నన్ను చూసింది. చెయ్యి చాచి, ఆ మూడు కవర్లకూ పిన్నులు ఊడదీసి, చింపి బల్ల కింద చెత్తబుట్టలో వేసింది.

“డార్విన్ బస్సు ఎక్కడ ఆగుతుంది?” అని అడిగాను.

“పెట్రోలు బంకు దగ్గర, పొద్దున పదింటికి. నేను దింపుతాను, లవ్,” అంది.

మర్నాడు పొద్దున నేను సంచి సర్దుతుంటే మా ఆయన దోసె తింటున్నారు. ముందు రోజు రాత్రంతా ఆలోచించి ఒక పథకం వేసినట్టున్నారు.

“చూడు, కేథరిన్‌లో యాభై అయిదు మనం కట్టద్దు. దానికివతల నూట పది కిలోమీటర్లు లోపలికెళ్తే పద్దెనిమిదికి ఉందని బాలమురళి చెప్పేడు. అక్కడ ఆగుదాం. ఆదివారం దాటితే డార్విన్‌లో కూడా దిగుద్ది. తాపీగా వెళ్దాం.”

“స్నేహకు పదిహేడున.”

“ఆస్పత్రిలో డాక్టర్లున్నారు గదే. మనం వెళ్ళి కనిపెడతామా ఏంటి?”

నేను జిప్పు వేశాను. “బస్సులో వెళ్తున్నాను. బెవ్ దింపుతానంది. నిన్న ఆవిడకు మన నిజం నంబరు రాసిచ్చాను. ఆ కవర్లు నేనే రాశానని కూడా తెలుసు.”

ఆయన దోసె ముక్క నోటిదాకా తీసుకెళ్ళి ఆపారు. నేను వెళ్తున్నానన్న మాట ఆయనకు చేరనేలేదు. “నంబరిచ్చేవా? బుద్ధుందా నీకు? ఫైనేస్తే ఎవడు కడతాడు?”

ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన మీద నాకు చాలా కోపాలు వచ్చాయి. ఆ పూట కోపం రాలేదు. చెప్పుకింద పురుగును చూసినట్టు చూశాను. అది తప్పే కావచ్చు. అలాగే చూశాను.

బెవ్ పాత జీపు హారన్ కొట్టింది. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి అన్నారు, “నీ ఇష్టం. వెళ్ళేక అక్కడ బండి పెట్టడానికి ఎంతో కనుక్కుని ఫోన్ చెయ్యి.”

ఆ రాత్రికి స్నేహ ఇంటి తలుపు కొట్టాను. తీసింది. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను, నా వెనకాల మెట్ల వైపు చూసింది. ఎవరూ లేరని తెలిశాక “అమ్మా, చారు చేస్తావా?” అంది. చారు పెట్టాను. రెండు గిన్నెలు తాగింది.

పదిహేడు పొద్దున ఏడింటికి ఆస్పత్రికి వెళ్ళాం. పద్దెనిమిది మధ్యాహ్నం పాప పుట్టింది. ఆ ముప్ఫై గంటలూ స్నేహ నా చెయ్యి వదల్లేదు. నాలుగు గోళ్ళ గుర్తులు వారం రోజులున్నాయి. చిన్నప్పటినుంచీ నాకు ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, నొప్పులు పడ్డంతసేపూ తెలుగులోనే అరిచింది. నేను లేకపోతే ఆ గదిలో ఆ అరుపు ఎవరికీ అర్థమయ్యేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. పాపను గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టినప్పుడు ఏడ్చాను. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

మా ఆయన పాపకు పన్నెండో రోజున వచ్చారు. అప్పటికి సెలవలు అయిపోయి రేట్లు దిగాయి. ఆయన మాత్రం అలా చెప్పలేదు.

“పురుడు వెళ్ళేదాకా ఆగేను,” అన్నారు, చెప్పులు విప్పుతూ. “పది రోజులూ మైల గదా. మన ఆచారం మనం వదలకూడదు.”

ఇలాంటి ఆచారం ఆయనకు ఉందని నాకు అదే మొదటిసారి తెలియడం. జయంత్ నా వైపు చూసి, కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. బండి ఎక్కడ పెట్టారని అడిగితే, సందు చివర షాపుల ముందు పెట్టానని, అక్కడ రెండు గంటలు ఊరికే ఉండొచ్చని చెప్పారు. చేతి గడియారం చూసుకున్నారు. పాపను ఒళ్ళో పెట్టించుకుని, ముక్కు వాళ్ళమ్మది అన్నారు. తర్వాత నాతో, “బట్టలు సర్దుకున్నావా? సాయంత్రానికి వంద కిలోమీటర్లు వెళ్తే ఒక మంచి చోటుంది,” అన్నారు.

“నేను రావడం లేదు,” అన్నాను.

“ఎన్నాళ్ళుంటావు?”

“ఉంటాను.”

ఆయన ఏదో అనబోయారు. అప్పుడు స్నేహ అడిగింది, సోఫాలో వెనక్కి వాలి, మెల్లగా, తెలుగులో.

“నాన్నా, ఈ ట్రిప్పులో నీకు మొత్తం ఎంత మిగిలింది?”

నేను తలెత్తి దాని మొహం చూశాను. అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటోంది.

ఆయన మొహం విప్పారింది. ఇన్నాళ్ళకు ఇంట్లో ఒకరు ఆ మాట అడిగారు. పాప తలను ఎడమ చేతి మీదకు మార్చుకుని, కుడి చేత్తో జేబులోంచి ఫోన్ తీసి, బొటనవేలితో పైకీ కిందకీ జరిపి చూశారు.

“నూట అరవై ఎనిమిది,” అన్నారు.

స్నేహ తలూపింది. కుట్లు లాగుతుంటే సోఫా చెయ్యి పట్టుకుని లేచింది. ఆయన దగ్గరికి వెళ్ళి, వంగి, పాపను ఆయన ఒళ్ళోంచి తీసుకుంది. పాలవేళ అయిందని చెప్పి లోపలికి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

పాప పాలు తాగి అప్పటికి పావుగంట కూడా కాలేదు.